మిర్యాలగూడలో 1967 స్టాండర్డ్ హెరాల్డ్ అమ్మకానికి ఉంది, రేటు ఎంత చెప్పాలి?

మిల్లు_మనవడు, మిర్యాలగూడ | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తాతగారి స్టాండర్డ్ హెరాల్డ్ అమ్ముదామనుకుంటున్నాం. 1967 మోడల్, రెండు తలుపులది, తెలుపు. 1996 నుంచి మా రైస్ మిల్లు వెనక ఊక షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. ఇంజిన్ ఒరిజినల్. బాడీ బాగానే ఉంది, కింద కొంచెం తుప్పు. ఆర్సీ పుస్తకం ఉంది, తాత పేరు మీదే. తాత 2004లో పోయారు. మొన్న ఒక బ్రోకర్ వచ్చి అరవై వేలు ఇస్తానన్నాడు. మా నాన్నేమో మూడున్నర లక్షలకు పైసా తగ్గొద్దంటున్నాడు. అసలు రేటు ఎంత? వానాకాలం ధాన్యం వచ్చేలోపు షెడ్డు ఖాళీ చేయాలి.

నాలుగోగేరు, వనపర్తి | శుక్రవారం రాత్రి 10:05

అరవై వేలంటే తుక్కు రేటు తమ్ముడూ. వాడు తీసుకెళ్లి రంగేసి "సంస్థానం వారి బండి" అని హైదరాబాద్‌లో అమ్ముకుంటాడు. మా ఊరి పేరు చెప్పి అమ్మిన పాత కార్లన్నీ నిజంగా రాజావారివే అయితే, ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తున్న ఆ ప్యాలెస్‌లో మనుషులకు చోటుండేది కాదు, గదులన్నీ గ్యారేజీలే అయ్యేవి.

ఆక్స్‌ఫర్డ్_అంకుల్, సూర్యాపేట | శనివారం ఉదయం 5:50

సంతోషం. కానీ ఒక మాట. ఇది బ్రిటిష్ కార్ల విభాగం. మోరిస్, ఆస్టిన్, హిల్‌మన్ వంటివి ఓడ మీద వచ్చినవి. స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసు దగ్గర తయారైంది. దేశీ కార్ల విభాగంలో పెడితే బాగుంటుందేమో చూడండి.

పానా_పదమూడు, జడ్చర్ల | శనివారం ఉదయం 7:15

అంకుల్, మీ మార్క్ 1 అంబాసిడర్ బెంగాల్‌లో పుట్టిందే కదా. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అచ్చులు తెచ్చుకుని హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 2014 దాకా దాన్నే పోశారు. మీది బ్రిటిష్ అయితే ఇదీ బ్రిటిషే. ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండ్‌లో వచ్చింది, అదే 1961లో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మద్రాసులో మొదలైంది. గీసింది మాత్రం ఇటలీ ఆయన, మికెలొట్టి. ఇక ఏ విభాగంలో పెడతారో మీ ఇష్టం.

మిల్లు_మనవడూ, నీ బండిలో ఒక సుగుణం ఉంది. స్టాండర్డ్ కంపెనీకి ఇంగ్లండ్‌లో బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్‌లో అనే కంపెనీని 1953లో పోటీ కంపెనీ బీఎంసీ కొనేసింది. బాడీ మొత్తం ఒకే ముక్కగా చేసిచ్చేవాళ్లు దొరక్క, కింద విడిగా చాసిస్ (అడుగు చట్రం) పెట్టి, పైన బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించేలా హెరాల్డ్‌ను తయారు చేశారు. అందుకే బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు లేస్తుంది. ముందు టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. పాడైన ముక్క విప్పేసి ఇంకోటి బిగించుకోవచ్చు. నా మోరిస్ మైనర్‌కు ఆ సుఖం లేదు, ఎక్కడ తుప్పు పట్టినా కోసి వెల్డింగ్ పెట్టుకోవడమే.

అయితే "కింద కొంచెం తుప్పు" అన్న నీ మాట నేను నమ్మను. 28 ఏళ్లకు పైగా ఊక మధ్య ఉన్న బండికి కొంచెం తుప్పు ఉండదు.

కాగితం_ముందు, నల్లగొండ | శనివారం ఉదయం 10:30

రేటు తర్వాత, ముందు కాగితాలు.

ఆర్సీ మీద ఉన్నాయన పోయారు కాబట్టి ఫామ్ 29, 30 (బండి అమ్మినప్పుడు పేరు మార్చే ఫారాలు) మీద సంతకం పెట్టేవాళ్లు లేరు. ముందు ఫామ్ 31తో వారసుల్లో ఒకరి పేరు మీదకు మార్చుకోవాలి. మరణ ధ్రువపత్రం కావాలి, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. మీ నాన్నగారికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎంతమంది?

1996లోనే షెడ్డులో పెట్టారంటే రెన్యువల్ కూడా ఆగిపోయి ఉంటుంది. అంత పాత ఆర్సీ కంప్యూటర్‌లో ఉండదు, బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత రిజిస్టరు చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం, చేయించాలి. అసలు పుస్తకం, చాసిస్ నంబరు అచ్చు, బండి ఫొటోలు పట్టుకుని తిరగాలి. నా ఆస్టిన్‌కు నేను పదకొండు నెలలు తిరిగాను. ఏ ఆఫీసో చెప్పను. ఎప్పుడు వెళ్లినా "రిజిస్టరు అటక మీద ఉంది, నిచ్చెన లేదు" అనేవాళ్లు. పన్నెండో నెల నేనే ఆటోలో నిచ్చెన వేసుకుని వెళ్లాను. ఆ రోజే దొరికింది.

ఇంకో దారి, వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి చేయించుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ చేయించుకోవాలంటే 5,000. కొత్త నంబరు తీసుకుంటే అందులో వీఏ అక్షరాలు వస్తాయి. కానీ ఆ బండి వేసుకుని రోజూ కూరగాయలకు వెళ్తానంటే కుదరదు. ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు, అంతవరకే రోడ్డెక్కాలి. చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చిన బండికి అసలు ఇవ్వరు. అందుకే "ఇంజిన్ ఒరిజినల్" అని ఊరికే రాయకండి. బ్లాకు మీద నంబరు చూసి, పుస్తకంతో సరిపోల్చి, అప్పుడు రాయండి.

మిల్లు_మనవడు | శనివారం మధ్యాహ్నం 1:20

సార్, నాన్న ఒక్కడే కొడుకు. మేనత్త ఉంది, కోదాడలో. నంబరు చూడలేదు. ఇంజిన్ మార్చిన గుర్తు మా ఇంట్లో ఎవరికీ లేదు, అందుకే అలా రాశాను.

పాలమూరు_పాతబండి, మహబూబ్‌నగర్ | శనివారం మధ్యాహ్నం 2:00

తమ్ముడూ, నాకు కావాలి. చిన్నప్పుడు మా బడికి వచ్చే డాక్టరుగారి దగ్గర హెరాల్డ్ ఉండేది, అప్పటి నుంచి మనసులో ఉంది. రేపు ఆదివారమే వస్తాను. అప్పటిదాకా ఎవరి దగ్గరా బయానా తీసుకోకు. పానా అన్నా, నువ్వూ రావాలి. నాకు బండి చూడగానే కళ్లు మూసుకుపోతాయి.

పానా_పదమూడు | శనివారం మధ్యాహ్నం 2:25

వస్తా. హెరాల్డ్ కొనాలనుకునేవాళ్లు ఇంకా ఉంటే వాళ్ల కోసం కూడా రాస్తున్నా.

ముందు చక్రాల దగ్గర ట్రనియన్లు అని ఇత్తడి లాంటి ముక్కలుంటాయి, స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకు తిరిగేది వాటి మీదే. వాటికి పోయాల్సింది గేర్ ఆయిల్. మన మెకానిక్‌లు అలవాటు కొద్దీ గ్రీజు కొడతారు. గ్రీజు లోపలి దాకా పోదు, మరలు అరిగి, తుప్పు పట్టి ఒకరోజు విరుగుతుంది. నా దోస్తు బండి దేవరకొండ బస్టాండ్ ముందు మలుపు తిరుగుతుంటే కుడి చక్రం పడుకుండిపోయింది. స్పీడు పది కూడా లేదు కాబట్టి నవ్వుకున్నాం.

క్రాంక్‌ది (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టు) ఇంకో పరీక్ష. ఒక మనిషిని క్లచ్ తొక్కమని, మీరు ముందు పుల్లీని చూడండి. తొక్కినప్పుడల్లా పుల్లీ కళ్లకు కనిపించేంత ముందుకూ వెనక్కూ జరిగితే క్రాంకును అలా జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అయిపోయినట్టే. ఒక్కోసారి అవి ఊడి ఆయిల్ ట్రేలో పడి ఉంటాయి. ఆ తర్వాత క్రాంకు బ్లాకునే తింటుంది.

వెనకాల అడ్డంగా ఒకే కమాను కట్ట ఉంటుంది. నిలబెట్టిన బండి వెనక చక్రాలు పైన లోపలికి వాలిపోయి ఉంటే ఆ కట్ట చచ్చిపోయింది. ఇంకో సంగతి, మన్ననూరు ఘాట్‌లో శ్రీశైలం వెళ్తూ మలుపు మధ్యలో బ్రేకు కొడితే ఈ బండి వెనక భాగం ఎగిరి చక్రాలు కిందికి ముడుచుకుంటాయి. మలుపుకు ముందే స్పీడు తగ్గించుకోవాలి.

పాలమూరు_పాతబండి | ఆదివారం రాత్రి 10:50

వెళ్లొచ్చాం. ఉన్నదున్నట్టు రాస్తాను, మిల్లు_మనవడు ఏమీ అనుకోవద్దు.

జడ్చర్లలో అన్నను ఎక్కించుకుని కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా మిర్యాలగూడ చేరేసరికి పదకొండు. టార్పాలిన్ లాగగానే ఊక, ఎలుకలు, పాత పెట్రోలు కలిసిన వాసన. వెనక సీటులో ఎలుకలు కాపురం పెట్టి కొబ్బరి పీచంతా పీకేశాయి. కానీ గ్లాసులన్నీ ఉన్నాయి, డాష్‌బోర్డులో మీటర్లు ఉన్నాయి, గ్రిల్లు ఉంది. ఇవి లేకపోతే వెతకడానికే రెండేళ్లు పడుతుంది.

తలుపు అంచున రంగు లేచిపోయిన చోట లేత నీలం కనిపించింది. పుస్తకం తెరిచి చూస్తే కలర్ దగ్గర నీలమనే ఉంది. వాళ్ల నాన్నగారు కాసేపు ఆలోచించి, "అవును, అక్క పెళ్లికి తెల్ల రంగు వేయించారు" అన్నారు. అన్న గుడ్డలో చుట్టిన అయస్కాంతం పెట్టి బండి చుట్టూ తిరిగాడు. ఎడమ వెనక మడ్‌గార్డు దగ్గర జారి కింద పడింది. అక్కడ అరచేతి మందం లప్పం.

డ్రైవరు కాళ్ల దగ్గర పట్టా ఎత్తితే రేకు లేదు, కింద నేల, నేల మీద ఊక. చాసిస్ మధ్య దూలాలను సుత్తితో కొడితే ఖంగుమంది, అంతవరకు దేవుడి దయ. పక్కలకు వచ్చే చేతులు, తలుపుల కింద బరువు మోసేవి, కొడితే డబ్బుమని పొరలు రాలాయి. జాకీ పెట్టి ఎత్తగానే కుడి తలుపు మూసుకోలేదు. రెండు పక్కలా కొత్త రేకుతో చేసి వెల్డింగ్ పెట్టాలి.

ఇంజిన్ బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఆయిల్ పోసి, వాళ్లింట్లో భోజనం చేసి వచ్చాం. (దోసకాయ పప్పు. అమ్మగారికి చెప్పు తమ్ముడూ, అన్న ఇంకా దాని గురించే మాట్లాడుతున్నాడు.) టైర్లలో గాలి కొట్టి, నాలుగో గేరులో పెట్టి, నలుగురు హమాలీలు వెనక నుంచి తోశారు. రెండుసార్లు కదల్లేదు. మూడోసారి చుయ్యిమని ప్లగ్గు రంధ్రాల్లోంచి నల్లటి ఆయిల్ ఎగిరి అన్న చొక్కా మీద పడింది. ఇంజిన్ తిరుగుతోంది!

ఇప్పుడు అసలు సమస్య. బ్లాకును కిరోసిన్‌తో కడిగి వైరు బ్రష్‌తో రుద్దాం. నంబరు స్పష్టంగా ఉంది. చివరి అంకె 1. ఆర్సీ పుస్తకంలో చివరి అంకె 7.

కుండబద్దలు, కల్వకుర్తి | ఆదివారం రాత్రి 11:10

అయిపోయింది. ఇంజిన్ మార్చారు. "మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు" అనేది నేను వంద సార్లు విన్న మాట. నాకు అమ్మినాయన కూడా ఇలాగే కాఫీ ఇచ్చి, ఫ్యామిలీ ఆల్బమ్ చూపించి, మారుతి ఓమ్ని ఇంజిన్ పెట్టిన మైనర్‌ను అంటగట్టాడు. పాలమూరు అన్నా, వదిలేయ్.

మిల్లు_మనవడు | ఆదివారం రాత్రి 11:45

ఇంటికి పిలిచి అన్నం పెట్టి షెడ్డు తాళాలు చేతికిస్తే మేం దొంగలమా? నంబరు రుద్ది చూడమని చెప్పింది మా నాన్నే. బండి అమ్మట్లేదు. ఈ చర్చ మూసేయండి.

ఆక్స్‌ఫర్డ్_అంకుల్ | సోమవారం ఉదయం 5:45

మిల్లు_మనవడు గారూ, తొందరపడకండి. కుండబద్దలు గారూ, ఇంజిన్ మారిస్తే నంబరు మొత్తం మారుతుంది కానీ ఒక్క అంకె మారుతుందా?

కాగితం_ముందు | సోమవారం ఉదయం 9:20

నేనూ అదే అనుకుంటున్నాను. ఆర్సీ ఆ పేజీ మొత్తం, వెలుతురులో ఫొటో తీసి పెట్టండి. చాసిస్ నంబరు కూడా కనిపించాలి.

పాలమూరు_పాతబండి | సోమవారం ఉదయం 9:35

నిన్న తీసిందే ఉంది, నంబర్లు బయటికి పెట్టకూడదు కాబట్టి మీకు విడిగా పంపాను.

కాగితం_ముందు | సోమవారం ఉదయం 11:05

భూతద్దం పెట్టి చూశాను. ఆ గుమాస్తా చేతిరాతలో 1కి పైన పక్షి ముక్కులా పెద్ద కొక్కెం ఉంది. 7కు మాత్రం నడుము మీద అడ్డగీత పెట్టాడు. చాసిస్ నంబరులో 7 రెండుసార్లు వచ్చింది, రెండింటికీ అడ్డగీత ఉంది. ఇంజిన్ నంబరు చివరి అంకెకు అడ్డగీత లేదు. తేదీలోని 1967 కూడా చూడండి, 1కి కొక్కెం, 7కు అడ్డగీత. కాబట్టి పుస్తకంలో ఉన్నది 1 అనే నా నమ్మకం. కానీ నా నమ్మకం ఆఫీసులో చెల్లదు. టైపు మిషన్ మీద కొట్టిన కాగితం ఏదైనా కావాలి. పాత ఇన్సూరెన్స్, పాత బిల్లు, ఏదో ఒకటి. తాతగారి పెట్టె వెతికించండి.

మిల్లు_మనవడు | మంగళవారం సాయంత్రం 6:30

దొరికింది. ఎరువుల రసీదుల మధ్య 1974 ఇన్సూరెన్స్ కవర్ నోట్, టైపు చేసింది. చివర 1. సార్, మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు. నాన్న కోపం తగ్గింది. నాది ఇంకా తగ్గలేదు.

కుండబద్దలు | మంగళవారం సాయంత్రం 7:00

తప్పు నాదే తమ్ముడూ. నా మైనర్ మంట నీ మీద కక్కాను. క్షమించు.

నాలుగోగేరు | మంగళవారం రాత్రి 8:15

ఇంతకీ రేటు ఎవరూ చెప్పలేదు.

పాలమూరు_పాతబండి | మంగళవారం రాత్రి 9:00

నేను 1,90,000 అన్నాను. చాసిస్ చేతులు, ఫ్లోర్, బ్రేకులన్నీ, ఐదు టైర్లు, సీట్లు, వైరింగ్, రంగు అన్నీ కలిపితే బండి రేటు కంటే ఎక్కువే అవుతుంది. నాన్నగారు మూడు దగ్గర ఆగారు. ఫోన్లో గంట మాట్లాడుకున్నాం. 2,35,000కు కుదిరింది, షెడ్డు అటక మీదున్న పాత బానెట్, రెండు చక్రాలు కూడా ఇస్తారు. బయానా 25,000, ఫామ్ 31 పని వాళ్లదే, అది అయ్యాకే మిగతా డబ్బు. స్టాంపు పేపరు మీద రాసుకుంటాం.

మిల్లు_మనవడు | గురువారం రాత్రి 9:10

కొత్త టెన్షన్. మేనత్త సంతకం పెట్టనంటోంది. వాళ్ల వీధిలో ఎవరో పాత అంబాసిడర్‌ను ఐదు లక్షలకు అమ్మారట. "ఆ తెల్ల రంగు నా పెళ్లికి వేయించింది, నన్ను అడక్కుండా బేరం ఎట్ల చేస్తారు" అంటోంది.

కాగితం_ముందు | గురువారం రాత్రి 9:40

ఆమె కూడా వారసురాలే, అడగడం మీ బాధ్యత. ఫోన్లో కాదు, నాన్నగారిని కోదాడ పంపండి. ఫ్లోర్‌లో నేల కనిపిస్తున్న ఫొటో కూడా తీసుకెళ్లమనండి. వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకోండి.

మిల్లు_మనవడు | ఆదివారం సాయంత్రం 5:30

అయింది. ఫొటో చూసి "అమ్మో, ఇందులో కాళ్లు పెట్టుకునే కూర్చున్నామా" అంది. మూడో వంతు రాసిచ్చాం, సంతకం పెట్టింది.

పాలమూరు_పాతబండి | ఏడు వారాల తర్వాత, శనివారం రాత్రి 8:20

బండి ఇంటికొచ్చింది. మిల్లులో బస్తాల దిమ్మెకు ఒకవైపు వాలు ఉండటం కలిసొచ్చింది. దిమ్మె మీదకు తోసి, అక్కడి నుంచి నేరుగా డీసీఎంలోకి. చక్రాలకు అడ్డంగా ఊక బస్తాలు పెట్టారు. ఇంటికొచ్చాక దించి చూస్తే లోపలా బయటా ఊకే. మా ఆవిడ ఇంకా ఊడుస్తోంది.

అన్నా, స్టార్ట్ చేయాలని చేతులు దురద పెడుతున్నాయి.

పానా_పదమూడు | శనివారం రాత్రి 8:45

ఆగు. ట్యాంకు విప్పి కడిగించు. పెట్రోలు పంపులో డయాఫ్రం, రబ్బరు పైపులు అన్నీ మార్చు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది, పాత రబ్బరును మెత్తబరిచి తినేస్తుంది. కారిన పెట్రోలు వేడి ఇంజిన్ మీద పడితే బండితో పాటు షెడ్డూ పోతుంది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది, నీ బండి అంతకు ముందే పడుకుంది. హెడ్డు విప్పినప్పుడు వాల్వు సీట్లు గట్టివి వేయించు, లేకపోతే సీసం కాపలా లేక క్రమంగా అరిగిపోతాయి.

పానాలు కూడా ఇంచులవి కొనుక్కో. అర ఇంచు నట్టుకు 13 పానా పట్టినట్టే ఉంటుంది, గట్టిగా తిప్పితే మూలలు పోతాయి. నా పేరు ఎందుకొచ్చిందనుకున్నావ్? మైనర్ కొన్న కొత్తలో ఒక్క రాత్రిలో పదకొండు నట్లు గుండ్రంగా చేశాను. అదే వారం బ్యాటరీ కుర్రాడు మైనస్‌ను బాడీకి కలిపాడు. మైనర్‌కు బాడీకి కలపాల్సింది ప్లస్. బ్యాటరీ ఛార్జింగ్‌ను కలిపి తెంచే కటౌట్ పాయింట్లు కాలి అతుక్కుపోయాయి. నీ బండికి ఏది బాడీకి ఉందో వైరింగ్ చూసి, కాగితం మీద రాసి, బ్యాటరీ పక్కనే అంటించు.

పాలమూరు_పాతబండి | శనివారం రాత్రి 9:05

సరే అన్నా, ముందు తుప్పు పని. తలుపుల రబ్బరు బీడింగ్ మొత్తం ఎండిపోయి విరిగిపోతోంది. ఎవరి దగ్గరైనా ఉందా?

గజెల్_గద్వాల, గద్వాల | శనివారం రాత్రి 9:30

నా దగ్గర తుక్కులో ఉన్న గజెల్‌ది (స్టాండర్డ్ వాళ్లదే ఇంకో కారు) ఉంది. కానీ అది నాలుగు తలుపుల బండి. నీ తలుపు పొడుగు కదా, సరిపోతుందో లేదో.

పాలమూరు_పాతబండి | శనివారం రాత్రి 9:32

రేటు ఎంత? ఇప్పుడే పంపేస్తా.

పానా_పదమూడు | శనివారం రాత్రి 9:33

కళ్లు తెరువు తమ్ముడూ. ముందు పాతది ఊడదీసి తాడుతో కొలువు.